నమ్మకం పోయాక కూడా భయం ఎందుకు మిగులుతుంది?

ఈ మధ్య ఒక స్నేహితురాలు రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఇంట్లో పెద్దవాళ్ళు దేవుడి పేరుతో చేసేవన్నీ చేస్తూ, చదివేవన్నీ చదువుతూ పెరిగిన మనిషి. "వాటిలో దేన్నీ నేనిప్పుడు నమ్మడం లేదు, నిజంగానే నమ్మడం లేదు, కానీ మానేద్దామంటే ధైర్యం చాలట్లేదు, మానేశాక పిల్లలకేమైనా అయితే?" అంది. ఆ చివరి మాట దగ్గర గొంతు మారిపోయింది. అప్పటికి తోచినదేదో చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ ఆమె మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఎందుకంటే మనం మామూలుగా అనుకునే లెక్క వేరు. ముందు ఒక నమ్మకం ఉంటుంది, దాన్నిబట్టి భయం పుడుతుంది, నమ్మకం పోతే భయం కూడా దానంతటదే పోతుంది అనుకుంటాం. ఈమె విషయంలో నమ్మకం ఎప్పుడో పోయింది, భయం మాత్రం చిన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అంటే ఆ భయానికి ఆధారం ఆ నమ్మకం కాదన్నమాట. నాకు రాను రాను అర్థమవుతున్నదేమిటంటే మనకు ముందుగా అందేది భయమే, నమ్మకాలు ఆ తర్వాత దాని చుట్టూ పేరుకుంటాయి. ఆధ్యాత్మికంగా సత్యం కావాలి, స్వేచ్ఛ కావాలి అని బయల్దేరినవాళ్ళం ఏ సిద్ధాంతం నిజం, ఏది అబద్ధం అని ఏళ్ళ తరబడి వాదించుకుంటాం గానీ అడగడానికే మనకు భయం ఎందుకేస్తోంది అన్న దగ్గర మాత్రం ఆగి చూడం. నేను రాయాలనుకున్నది దాని గురించే.

చిన్నప్పుడు నేను అడిగినవన్నీ మామూలు పిల్లలు అడిగేవే. దేవుడు అందరినీ ప్రేమిస్తాడు కదా, మరి ఆయనకు కోపం ఎందుకొస్తుంది? మనం అడగకపోతే ఆయనకు మన కష్టం తెలియదా? అడిగిన ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే, "తప్పు, అలా అనకూడదు, కళ్ళు పోతాయి." తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళలో ఈ మాట వినని పిల్లలు తక్కువేమో. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, తర్వాత చూద్దాం అనొచ్చు, కానీ కళ్ళు పోతాయి అన్నప్పుడు పిల్ల నేర్చుకునేది దేవుడి గురించి కాదు, ప్రశ్న గురించి. కొన్ని ప్రశ్నలు అడిగితే ఒంటికి హాని జరుగుతుందని నేర్చుకుంటుంది. ఆ మాట అన్నది ఎవరో పగవాళ్ళయితే పట్టించుకోకపోదుము, రోజూ ఎత్తుకుని ముద్దు చేసే మనిషే అంది కాబట్టి అది లోపలికి వెళ్ళి కూర్చుంది. ముప్పై ఏళ్ళు దాటాక, ఎంతో చదువుకున్నాక కూడా, ఏదైనా ఒక పవిత్రమైన మాటని మనసులోనే అనుమానిస్తే కడుపులో ఒక చిన్న కుదుపు వస్తుంది చూడండి, అది ఆలోచనలోంచి వచ్చింది కాదు. దాన్ని వాదనతో తీసెయ్యలేం.

ఇందులో పెద్దవాళ్ళని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. వాళ్ళకీ అది అలాగే వచ్చింది. పైగా మనుషుల పిల్లలు నేర్చుకునే పద్ధతే అలాంటిది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. ఒక పెట్టెలోంచి బహుమతి తీయాలి, తీసి చూపించే మనిషి ముందు పైనున్న కన్నంలో కర్రతో పొడుస్తాడు, తర్వాత ముందువైపు నుంచి తీస్తాడు. పెట్టె లోపల ఏముందో కనపడనప్పుడు చింపాంజీలూ పిల్లలూ ఇద్దరూ ఉన్నదున్నట్టు అనుకరించారు. లోపల అంతా కనిపించే పారదర్శకమైన పెట్టె ఇచ్చి చూస్తే, పైన పొడవడం వల్ల ఏ ఉపయోగమూ లేదని తేలిపోతుంది కాబట్టి చింపాంజీలు ఆ పని మానేసి నేరుగా బహుమతి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం అప్పుడు కూడా ముందు పైన పొడిచి, తర్వాతే తీశారు. మొదటిసారి దీని గురించి చదివినప్పుడు పిల్లలు తెలివితక్కువగా చేశారనిపించింది, కానీ ఆలోచిస్తే భాష, లెక్కలు, వైద్యం, పంట పండించడం అన్నీ ఒక తరం నుంచి మరో తరానికి అందింది ఈ గుణం వల్లే. కారణం తెలియకపోయినా పెద్దవాళ్ళు చేసినట్టు చేద్దాం, వాళ్ళకేదో తెలిసే ఉంటుంది అనే నమ్మకం లేకపోతే ప్రతి బిడ్డా అన్నీ మొదట్నుంచి కనిపెట్టుకోవాల్సి వచ్చేది. ఆ గుణమే పనికొచ్చేదాన్నీ పనికిరానిదాన్నీ కలిపి మోసుకొస్తుంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే వారసత్వంగా వచ్చిన నమ్మకం అంటే చాలు మూఢత్వం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించలేను. పెట్టె లోపలికి చూడగలిగే వయసు వచ్చాక కూడా చూడకపోవడమే నాకు సమస్యగా కనిపిస్తుంది.

ఆ చూడడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలియజెప్పిన మనిషి అల్ గజాలీ. 1058 ప్రాంతంలో పుట్టాడు, ఇస్లామిక్ ఆలోచనా ప్రపంచంలో ఆయనంత ప్రభావం చూపినవాళ్ళు చాలా కొద్దిమంది. ఆయన తన జీవితం గురించి రాసుకున్నదాంట్లో చిన్నప్పటి నుంచే తనని ఒక విషయం కుదురుగా ఉండనివ్వలేదంటాడు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే పెరుగుతున్నారు, యూదుల పిల్లలు యూదులుగానే, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే. ప్రతి ఒక్కరూ తమదే నిజమని అంతే గట్టిగా నమ్ముతున్నారు. అయితే ఆ గట్టితనం నిజం వల్ల వచ్చిందా, పుట్టుక వల్ల వచ్చిందా? ఇది చాలా మామూలు గమనింపు, మనలో ఎవరికైనా తట్టేదే. మనం దాన్ని ఒక క్షణం చూసి పక్కన పెట్టేస్తాం. ఆయన పక్కన పెట్టలేకపోయాడు. తల్లిదండ్రుల దగ్గర్నుంచి విని తెచ్చుకున్నదాన్ని పక్కన పెడితే నాకు నిజంగా తెలిసిందేమిటి అని మొదలుపెట్టి, ముందు కళ్ళని అనుమానించాడు, ఆకాశంలో నక్షత్రం నాణెమంత కనిపిస్తుంది, లెక్క వేస్తే భూమికన్నా పెద్దదని తేలుతుంది కదా అని. కంటిని తప్పుపట్టింది బుద్ధి అయితే ఆ బుద్ధిని తప్పుపట్టేది ఇంకేదైనా ఉండొచ్చు కదా, కలలో ఉన్నంతసేపు అదే నిజమనిపించినట్టు ఈ మెలకువ కూడా అలాంటిదేమో అని అక్కడిదాకా వెళ్ళాడు. దాదాపు రెండు నెలలు ఆ స్థితిలో ఉన్నానని, వాదనతో కాదు, దేవుడు తన గుండెలో వేసిన ఒక వెలుగు వల్ల బయటపడ్డానని రాశాడు.

ఆ తర్వాత ఆయన బాగ్దాద్‌లో అప్పటికి అతి పెద్ద విద్యాసంస్థల్లో ఒకటైన నిజామియాలో ఆచార్యుడయ్యాడు, పేరు, పలుకుబడి, శిష్యులు అన్నీ ఉన్నాయి. 1095లో ఒకరోజు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. తిండి సయించలేదు. వైద్యులు చూసి ఇది ఒంటి జబ్బు కాదు, మనసులోంచి వచ్చిందన్నారు. దేవుడి గురించి తను చెప్పే పాఠాలన్నీ దేవుడి కోసం కాదు, పేరు కోసం చెబుతున్నానని ఆయనకు లోపల తెలిసిపోయింది, అది తెలిశాక ఆ నాలుక ఇక కదల్లేదు. ఉద్యోగం వదిలేసి డమాస్కస్, జెరూసలేం, మక్కా తిరిగి, పదేళ్ళ పైన పెద్ద పదవులకి దూరంగా బతికి, 1106లో మళ్ళీ పాఠాలు చెప్పడానికి వచ్చాడు. వచ్చింది తను పుట్టిన మతంలోకే. ఈ చివరి సంగతి నాకు చాలా ముఖ్యమైనది. ప్రశ్నించడం అంటే చివరికి బయటికి వెళ్ళిపోవడమే అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంటుంది, ఇంట్లోవాళ్ళ భయం కూడా అదే. గజాలీ అంత లోతుకి వెళ్ళి, అదే ఇంటికి తిరిగొచ్చాడు. ఈసారి ఆయన అందులో ఉన్నది అక్కడ పుట్టాడు కాబట్టి కాదు.

మరొకాయన బయటికే వెళ్ళాల్సి వచ్చింది. 1656 జూలై 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు సమాజం స్పినోజా అనే ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ని, తర్వాత గొప్ప తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న మనిషిని, వెలివేసింది. ఎవరూ అతనితో మాట్లాడకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, నాలుగు మూరల దూరంలోకి వెళ్ళకూడదు, అతను రాసిందేదీ చదవకూడదు. అతను చేసిన తప్పేమిటో ఆ ప్రకటనలో వివరంగా లేదు. మిగతా జీవితమంతా ఎక్కువగా కటకాలు నూరుతూ, రాసుకుంటూ గడిపాడు, 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పదవి ఇస్తామంటే ఆలోచనా స్వేచ్ఛకి అడ్డొస్తుందేమోనని వద్దన్నాడు. ఆయన కనుక్కున్న సత్యం సరైనదా, గజాలీది సరైనదా అన్నది నేను తేల్చగలిగేది కాదు. ఇద్దరూ చెరో దిక్కుకీ వెళ్ళారు. ఇద్దరిలోనూ నాకు కనిపించేది ఒక్కటే, పోగొట్టుకోవాల్సి వస్తుందని తెలిసి కూడా చూడడం మానలేదు.

అసలు మన భయంలో దేవుడి పాలు ఎంత, మనుషుల పాలు ఎంత అని ఎప్పుడైనా విడదీసి చూశారా? నేను చూసుకున్నప్పుడు దేవుడి భయం అనుకున్నదాంట్లో చాలా భాగం బంధువుల భయమే అని తేలింది. పెళ్ళిళ్ళకి పిలవరేమో, అమ్మ తలెత్తుకోలేదేమో, నాకు కష్టం వచ్చినప్పుడు "అందుకే ఇలా అయింది" అంటారేమో. ఇది చిన్న విషయం కాదు. 1950ల్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో గీతల పొడవు పోల్చి చెప్పడమే పని, చిన్నపిల్లలు కూడా చెప్పగలిగింది. గదిలో మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతుంటే, ఏమీ తెలియని ఆ ఒక్క మనిషి ఏం చేస్తాడని చూశారు. నలుగురిలో దాదాపు ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పు చెప్పారు. గీత విషయంలోనే ఇలా ఉంటే, కంటికి కనపడని దేవుడి విషయంలో, పుట్టినప్పటి నుంచి మనల్ని సాకినవాళ్ళ మధ్య కూర్చుని వేరేమాట చెప్పడం ఎంత కష్టమో చూడండి. అదే ప్రయోగంలో నాకు ధైర్యమిచ్చిన సంగతి ఇంకొకటుంది. గదిలో ఇంకొక్కరు నిజం చెబితే చాలు, గుంపుకి లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. ఒక్కరు చాలు. అందుకే ఈ దారిలో ఉన్నవాళ్ళకి గురువుకన్నా ముందు కావాల్సింది, ఏం అడిగినా మొహం ముడుచుకోని ఒక స్నేహితుడో స్నేహితురాలో అనిపిస్తుంది నాకు.

ఇక ప్రశ్నించడం శాస్త్రానికి విరుద్ధం అనే మాట. ఇది చెప్పేవాళ్ళు సాధారణంగా భగవద్గీతలోంచి ఒక ముక్క తీస్తారు, "సంశయాత్మా వినశ్యతి". సందేహించేవాడు నాశనమవుతాడు. నాలుగో అధ్యాయం నలభయ్యో శ్లోకం అది, నాకూ చాలాసార్లు అప్పజెప్పారు. ఆ అధ్యాయాన్నే కొంచెం వెనక్కి తిప్పితే ముప్పై నాలుగో శ్లోకంలో జ్ఞానం ఎలా తెలుసుకోవాలో చెబుతూ "పరిప్రశ్నేన" అని ఉంది, చుట్టూ తిరిగి అన్నివైపుల నుంచీ అడిగి తెలుసుకో అని. ఆరు శ్లోకాల తేడాలో ఉన్న రెండు మాటల్లో ఒకటే మనదాకా వచ్చింది. ఇంకా ముందుకెళ్తే, పద్దెనిమిదో అధ్యాయంలో అంతా చెప్పేశాక కృష్ణుడు అర్జునుడితో, దీన్నంతా పూర్తిగా విచారించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. "యథేచ్ఛసి తథా కురు." దేవుడే ఆ మాట అన్నాక మధ్యలో మనుషులకి ఎందుకంత కంగారు? అడగడానికీ నాశనమయ్యే సంశయానికీ తేడా ఉందని నేను ఒప్పుకుంటాను. ఏదీ తేల్చుకోకుండా, తేల్చుకునే ప్రయత్నం కూడా చెయ్యకుండా అనుమానంలోనే ఏళ్ళు గడిపేవాళ్ళని నేను చూశాను, అది మనిషిని నిజంగానే తినేస్తుంది. దానికి మందు ఇంకా గట్టిగా అడగడమే కానీ నోరు మూసుకోవడం కాదు.

శంకరాచార్యులు అదే గీతకి రాసిన భాష్యంలో, పద్దెనిమిదో అధ్యాయం దగ్గర, అగ్ని చల్లగా ఉంటుందని వంద శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అది ప్రమాణం కాదంటారు. వేదాన్ని పరమ ప్రమాణంగా ఒప్పుకున్న మనిషి అన్న మాట అది. అనుభవానికి అందేదాన్ని గ్రంథం కాదనలేదు, గ్రంథం పని అనుభవానికి అందని చోట అని ఆయన హద్దు గీస్తున్నారు. ఆ హద్దు ఆయన గీసిన చోటే ఉండాలా అన్నది వేరే చర్చ, కానీ హద్దంటూ ఒకటి ఉందని ఒప్పుకున్నారు. ఋగ్వేదం పదో మండలంలో సృష్టి గురించి చెప్పే సూక్తమైతే ఇంకా దూరం వెళ్ళింది. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో పైనుంచి దీన్నంతా చూసుకునే ఆయనకే తెలుసు, లేదా ఆయనకు కూడా తెలియదేమో, అని ముగుస్తుంది. నాకు ఆ చివరి మాట చదివిన ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అలా అన్న ఋషికి కళ్ళేమీ పోలేదు, ఆ మాటని తర్వాతివాళ్ళు తీసెయ్యకుండా కంఠస్థం చేసి మూడు వేల ఏళ్ళు కాపాడారు. అంటే మన వారసత్వంలో ప్రశ్న కూడా ఉంది, మన చేతికి వచ్చేసరికి ప్రశ్న భాగం ఎక్కడో జారిపోయింది.

అయితే ప్రశ్నించేవాళ్ళం కూడా మనకు నచ్చినంతవరకే తీసుకుంటాం, దీని గురించి కూడా చెప్పాలి. బుద్ధుడు కాలాములు అనే ఒక తెగవాళ్ళతో అన్న మాటలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, ఎవరు చెప్పినా నమ్మొద్దు, గ్రంథంలో ఉన్నా నమ్మొద్దు, నీ బుద్ధికి సరిపడితేనే నమ్ము అని. సగమే అది. కేసపుత్తం అనే ఊళ్ళో కాలాములు ఆయన్ని అడిగింది చాలా సూటి ప్రశ్న. ఇక్కడికి వచ్చే ప్రతి సన్యాసీ తన సిద్ధాంతాన్ని పొగుడుకుని పక్కవాడి సిద్ధాంతాన్ని తిట్టిపోతాడు, మేమెవరిని నమ్మాలి? మీకు సందేహం రావడం సరైనదే అని మొదలుపెట్టి ఆయన వద్దన్నవాటిలో పరంపర ఉంది, గ్రంథం ఉంది, "ఈయన మా గురువు" అనే గౌరవం ఉంది. వాటితో పాటు తర్కం కూడా ఉంది, ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చాను కాబట్టి అదే నిజం అనుకోవడం కూడా ఉంది. అంటే నా బుద్ధికి సరిపడింది అన్నది కూడా చాలదన్నమాట. ఇది ఆచరిస్తే హాని కలుగుతోందా, మేలు కలుగుతోందా, తెలిసినవాళ్ళు దీన్ని మెచ్చుకుంటారా, తిడతారా, అని బతికి చూసి తేల్చుకోమన్నాడు. ఇది మనకు కొంచెం ఇబ్బందికరమైన సలహా, ఎందుకంటే పాత నమ్మకాల్ని పరీక్షించినంత కఠినంగా మన కొత్త అభిప్రాయాల్ని మనం పరీక్షించుకోం.

దీనివల్లే ఇంకో ఉచ్చులో పడతాం. ఇంట్లో వచ్చిన నమ్మకాల్ని వదిలేసి వచ్చినవాళ్ళు ఎంతమంది ఆరు నెలలు తిరక్కుండా ఇంకో గురువు దగ్గర, ఇంకో సంస్థలో, కొన్నిసార్లు నాస్తికత్వంలోనే, సరిగ్గా అదే భయంతో కూర్చుని ఉంటారో గమనించండి. అక్కడా అడగకూడని ప్రశ్నలుంటాయి. అక్కడా గుంపు ఉంటుంది, వెలి ఉంటుంది. జిడ్డు కృష్ణమూర్తి కథ నాకు ఇందుకే ఎప్పుడూ పాతబడదు. 1895లో తెలుగింట పుట్టిన పిల్లవాడు, పద్నాలుగేళ్ళ వయసులో అతన్ని చూసి థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంస్థ పెద్దలు ఇతనే రాబోయే జగద్గురువు అన్నారు, 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు. దేశదేశాల్లో వేల మంది సభ్యులు, భూములు, ఒక కోట. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో మూడు వేల మంది ముందు నిలబడి, సత్యానికి దారంటూ ఏదీ లేదు, ఏ సంఘమూ మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళలేదు అని చెప్పి ఆ సంఘాన్ని రద్దు చేసేశాడు, ఆస్తులు ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇప్పించేశాడు. అందరూ ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం ఆరోజు ఎదురుగా కూర్చున్న మూడు వేల మంది గురించి. పద్దెనిమిదేళ్ళుగా ఒక మనిషి మీద పెట్టుకున్న ఆశని ఆ మనిషే తీసేస్తే, మర్నాడు పొద్దున లేచి వాళ్ళు ఏం చేసి ఉంటారు? కొందరికి స్వేచ్ఛ అనిపించి ఉంటుంది. ఇంకొందరు ఖచ్చితంగా వేరే గురువుని వెతుక్కుని ఉంటారు. ఎవరో వచ్చి సంఘాన్ని రద్దు చేస్తే రద్దయ్యేది సంఘమే, దాన్ని పట్టుకునేలా చేసిన భయం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

నా సంగతి చెప్పాలంటే ఇదంతా పుస్తకాల విషయంగా ఉన్నంతకాలం నాకు చాలా తేలిగ్గా ఉండేది. నాన్న పోయాక అలా లేదు. ఆత్మ చావదు, మళ్ళీ పుడతాడు, ఎక్కడో ఉన్నాడు అని వచ్చినవాళ్ళందరూ చెబుతుంటే, అంతకు పదేళ్ళ ముందే ఇవేవీ నాకు తెలియవు అని తేల్చుకున్న నేను, ఆ ఒక్క వారం పాటు అవన్నీ నిజం కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఆ కోరిక నాలో ఎంత బలంగా ఉందో చూశాక రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, నమ్మేవాళ్ళని చులకన చేసే హక్కు నాకు లేదు, వాళ్ళు పట్టుకున్నది ఏ బాధలోంచి పట్టుకున్నారో నాకు తెలిసొచ్చింది. రెండోది, నాకు కావాలి అన్నదానికీ నాకు తెలుసు అన్నదానికీ మధ్య ఉన్న దూరం నాన్న మీద ప్రేమతో కూడా చెరిగిపోదు. నాన్న ఎక్కడున్నాడు అంటే నాకు తెలియదు. ఆ మాట లోపల నిజంగా అనగలిగిన రోజున ఏడుపు ఎక్కువైంది, భయం మాత్రం తగ్గింది. ఎందుకు తగ్గిందో పూర్తిగా వివరించలేను, బహుశా అప్పటిదాకా నా శక్తంతా ఏదో ఒకటి తెలిసినట్టు పట్టుకుని ఉండడానికే పోయిందేమో.

అప్పట్నుంచి ఏ నమ్మకం ఎదురైనా నేను ముందు అది నిజమా కాదా అని అడగడం లేదు. ఇది అబద్ధమని రేపు తేలితే నేను ఏం పోగొట్టుకుంటాను అని అడుగుతున్నాను. కొన్నిటికి జవాబు "ఏమీ లేదు" అని వస్తుంది, అవి పట్టుకున్నా వదిలినా పెద్ద తేడా లేదు. కొన్నిటి దగ్గర ఛాతీ బిగుసుకుంటుంది, అక్కడ నేను ఆగి కూర్చుంటాను, వాదించను, సమర్థించుకోను, ఆ బిగుసుకోవడాన్నే చూస్తాను. దాని వెనక ఒక మనిషి మొహం కనిపిస్తుంది, చాలాసార్లు చిన్నప్పటి ఒక కోపపు గొంతు వినిపిస్తుంది. అది విడిపోయాక ఆ నమ్మకం గురించి ప్రశాంతంగా ఆలోచించగలుగుతాను, అప్పుడు కొన్నిసార్లు అది ఇంకా గట్టిగానే నిలబడుతుంది కూడా. ప్రార్థన నాకు అలా మిగిలింది. ఎవరు వింటున్నారో తెలియకుండానే పొద్దున కాసేపు మౌనంగా కూర్చుంటాను, మానేస్తే ఏదో జరుగుతుందని మాత్రం కాదు.

అమ్మకి ఇవన్నీ తెలుసు. మొదట్లో బాధపడింది, "నేను సరిగ్గా నేర్పలేదంటావా ఏమిటే?" అంది ఒకసారి. ఆ మాటకి నేను వాదనతో జవాబు చెప్పలేకపోయాను, చెప్పాలని కూడా అనిపించలేదు. ఆవిడ నమ్మకం ఆవిడని యాభై ఏళ్ళు నిలబెట్టింది, దాన్ని లాగేసి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఆవిడ చదువుకునేవి ఆవిడకి కళ్ళు సరిగ్గా కనపడనప్పుడు నేనే పైకి చదివి వినిపిస్తాను, నిజంగా ఇష్టంగానే చదువుతాను, మధ్యలో ఏదైనా అనుమానం వస్తే ఇప్పుడు ఆవిడే ఆపి "ఇక్కడ ఇలా ఎందుకన్నాడంటావు?" అని అడుగుతోంది. ఇద్దరికీ తెలియని చోట ఇద్దరం ఆగిపోతున్నాం. నా స్వేచ్ఛ కోసం ఇంట్లో అందరూ మారాలి అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, మీకు అవసరమైంది మీ నోటికి స్వేచ్ఛ, వాళ్ళ నోరు మూయించడం కాదు. హింసించేవాళ్ళు, బలవంతపెట్టేవాళ్ళు ఉన్న ఇళ్ళ సంగతి వేరు, అక్కడ ముందు మీ క్షేమం చూసుకోవాలి, ఓపిక పట్టమని నేను చెప్పను.

తేలని విషయాలు నాకు ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా బరువైనది కర్మ. చేసినదానికి ఫలితం ఉంటుందన్న నమ్మకం నన్ను చాలాసార్లు చెడ్డపని చెయ్యకుండా ఆపింది, అన్యాయం జరిగిన చోట ఎక్కడో లెక్క ఉంటుందిలే అని ఓదార్చింది. అదే నమ్మకం, పుట్టుకతో జబ్బుతో ఉన్న బిడ్డ తల్లిని చూసి ఏ జన్మలో ఏ పాపం చేసిందో అనిపిస్తుంది మనుషుల చేత. ఈ రెండోదాన్ని నేను ఏ రకంగానూ ఒప్పుకోలేను, మొదటిదాన్ని వదల్లేకపోతున్నాను, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. కాలాములతో మాట్లాడుతూ బుద్ధుడు చివర్లో ఒక మాట అంటాడు, పరలోకం, కర్మఫలం ఉంటే మంచిగా బతికినవాడికి అక్కడ మేలు జరుగుతుంది, ఒకవేళ అవేవీ లేకపోయినా పగ, ద్వేషం లేకుండా బతికినవాడు ఇక్కడే సుఖంగా ఉంటాడు అని. మంచిగా బతకడానికి ఆ సిద్ధాంతం నిజమో కాదో తేలేదాకా ఆగక్కర్లేదు అన్నంతవరకు ఇది నాకు సరిపోయింది. ఆ తల్లికి ఏం చెప్పాలి అన్నదానికి మాత్రం ఇందులో జవాబు దొరకలేదు. కర్మని నమ్ముతూనే ఆ తల్లి ముందు నిజాయితీగా కూర్చోగలిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఎలా కూర్చుంటారో నాకు చెప్పండి, వాదనకి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.